నేల ఒకరిది, పేరొకరిది: జార్జియా కౌంటీల కథ

అట్లాంటాకు ఉత్తరాన స్థిరపడిన తెలుగు కుటుంబాల మాటల్లో ఫోర్సైత్, గ్వినెట్, ఫుల్టన్, కాబ్ అనే పేర్లు రోజూ దొర్లుతూనే ఉంటాయి. బడులు ఏ కౌంటీలో బాగున్నాయి, ఆస్తిపన్ను ఎక్కడ తక్కువ, ఇల్లు ఎక్కడ కొనాలి అన్న లెక్కలన్నీ ఆ పేర్ల మీదే నడుస్తాయి. ఇంతకీ ఈ ఫోర్సైత్ ఎవరు, గ్వినెట్ ఎవరు అని అడిగితే అక్కడే పుట్టి పెరిగినవాళ్ళలోనూ చాలామంది తెల్లమొహం వేస్తారు. సమాచారం లేక కాదు, జాబితాలు బోలెడున్నాయి. అవన్నీ అక్షరక్రమంలో యాప్లింగ్‌తో మొదలై వర్త్‌తో ముగుస్తాయి. ఫలానా కౌంటీ, ఫలానా సైన్యాధికారి పేరు, అక్కడితో సరి. అలా చదివితే పేర్లు నోటికొస్తాయి గాని సంగతి బోధపడదు. ఆ కౌంటీలను పుట్టిన తేదీల వరసలో పేర్చి చూస్తే ఎవరి నేల ఎప్పుడు చేతులు మారిందో, ఆ ఏడు శాసనసభలో ఎవరి మాట చెల్లిందో బయటపడుతుంది.

ముందు లెక్క. జార్జియాలో 159 కౌంటీలున్నాయి. అమెరికా మొత్తంలో ఇంతకన్నా ఎక్కువ ఉన్నది ఒక్క టెక్సస్‌లోనే, అక్కడ 254. కానీ టెక్సస్ జార్జియాకు నాలుగు రెట్లకు పైన ఉంటుంది. వైశాల్యంలో ఆంధ్రప్రదేశ్ కన్నా కాస్త చిన్నదైన రాష్ట్రాన్ని 159 ముక్కలు చేశారన్నమాట. సగటున ఒక్కోటి వెయ్యి చదరపు కిలోమీటర్లకు లోపే. ప్రతి ముక్కకూ సొంత కోర్టు భవనం, ఓటేసి ఎన్నుకున్న షెరీఫ్, సొంత పాలకమండలి. 2020 జనగణనలో గ్వినెట్ కౌంటీ జనాభా 9,57,062. టాలియఫెరో అని రాసి టాలివర్ అని పలికే కౌంటీలో 1,559 మంది. హోదాలో రెండూ సమానమే.

మొదట్లో కౌంటీలు లేవు, పారిష్‌లు ఉండేవి. ఇంగ్లండు చర్చిని వలసరాజ్యపు అధికార మతంగా చేస్తూ 1758లో ఎనిమిది పారిష్‌లు గీశారు. 1765లో మరో నాలుగు చేర్చారు. సెయింట్ పాల్, సెయింట్ జార్జ్, సెయింట్ మాథ్యూ, ఇలా దాదాపు అన్నీ క్రైస్తవ సాధువుల పేర్లే. 1777 ఫిబ్రవరిలో, స్వాతంత్ర్యం ప్రకటించుకున్న కొన్ని నెలలకు, కొత్త రాష్ట్రం తొలి రాజ్యాంగం రాసుకుంది. అదే రాతతో సాధువులందరినీ తుడిచేసి ఎనిమిది కౌంటీలు పెట్టింది: విల్క్స్, రిచ్‌మండ్, బర్క్, ఎఫింగం, చాతం, లిబర్టీ, గ్లిన్, కామ్డెన్.

ఇక్కడ తమాషా ఉంది. బ్రిటన్‌తో తుపాకులు పట్టి పోరాడుతున్న రోజులవి. అయినా ఈ ఎనిమిదింటిలో ఏడు బ్రిటిషువాళ్ళ పేర్లే. కాకపోతే అందరూ సొంత ప్రభుత్వాన్ని ఎదిరించి అమెరికన్ల పక్షాన మాట్లాడినవాళ్ళు. ఎఫింగం ప్రభువు అమెరికన్ల మీద కత్తి దూయలేనని సైన్యంలో కొలువే వదులుకున్నాడు. చాతం అంటే పెద్ద విలియం పిట్. జాన్ విల్క్స్ రాజును దుయ్యబట్టి జైలుకెళ్ళిన పత్రికావాది. ఎడ్మండ్ బర్క్ మనకూ తెలిసిన మనిషే. వారన్ హేస్టింగ్స్ మీద అభిశంసన నడిపిందీ, 1785లో ఆర్కాటు నవాబు అప్పుల గురించి పార్లమెంటును దద్దరిల్లించిందీ ఆయనే. ఆ అప్పుల భారమంతా కర్ణాటిక్ సీమ రైతుల నెత్తినే పడుతోందన్నది ఆయన వాదన. మన నెల్లూరు సీమ అప్పుడు ఆ నవాబు ఏలుబడిలోనే ఉండేది.

ఎనిమిదోది లిబర్టీ. స్వాతంత్ర్యం కోసం ముందుగా గొంతెత్తిన సెయింట్ జాన్ పారిష్ ప్రజల ఉత్సాహానికి గుర్తుగా పెట్టిన పేరు. ఆ ప్రాంతంలో వరిపొలాలు దున్నింది బానిసలు.

విల్క్స్ కౌంటీని ఇంకొంచెం నిలబడి చూడాలి. మిగతా ఏడూ పాత పారిష్‌ల నుంచి వచ్చాయి, ఇదొక్కటి కొత్త నేల. 1773లో అక్కడి మూలవాసి తెగలైన క్రీకులూ చెరోకీలూ తెల్ల వర్తకులకు పడ్డ బాకీల కింద 20 లక్షల ఎకరాలకు పైగా వదులుకున్నారు. ఆ భూమికే నాలుగేళ్ళ తరవాత లండన్ నేత పేరు పెట్టారు. ఆ తరవాత అరవయ్యేళ్ళు జరిగింది ఇదే పని: అప్పో, యుద్ధమో, ఒప్పందమో చూపించి తెగల నేల తీసుకోవడం, గీతలు గీయడం, ఆ ఏడు గౌరవం దక్కిన మనిషి పేరు అతికించడం.

విప్లవ వీరుల పేర్లకు కొదవ లేదు. వాషింగ్టన్, ఫ్రాంక్లిన్ 1784లోనే వచ్చాయి. ఫ్రాంక్లిన్ విప్లవానికి ముందు లండన్‌లో జార్జియా తరఫున ప్రతినిధిగా పనిచేశాడు గనక ఆ పేరుకు కొంత స్థానిక కారణమూ ఉంది. సవానా ముట్టడిలో ప్రాణాలొదిలిన పోలిష్ యోధుడు పులాస్కీ, కామ్డెన్ యుద్ధంలో పడిపోయిన జర్మన్ డీకాల్బ్, ఫ్రెంచి లఫయెట్ కూడా పటంలోకెక్కారు. స్వాతంత్ర్య ప్రకటన మీద జార్జియా తరఫున సంతకాలు చేసిన ముగ్గురు బటన్ గ్వినెట్, లైమన్ హాల్, జార్జ్ వాల్టన్. ముగ్గురికీ 1818లో ఒకేసారి కౌంటీలిచ్చారు. గ్వినెట్ ఆ సంతకం చేసిన ఏడాదైనా తిరక్కుండా, 1777 మేలో, లాక్లన్ మెకింతోష్‌తో పిస్తోళ్ళ ద్వంద్వయుద్ధానికి దిగి ఆ గాయంతో చనిపోయాడు. అంత త్వరగా పోవడం వల్లే ఆయన చేవ్రాలు సంతకాలు సేకరించేవాళ్ళకు అపురూపమైపోయింది. ఆయన్ను కాల్చిన మెకింతోష్ కుటుంబానికి పాతికేళ్ళు ముందే, 1793లో, కౌంటీ దక్కింది.

ఈ పేర్లలో పప్పులో కాలేయించేవి కొన్ని. లింకన్ కౌంటీ అబ్రహాం లింకన్‌ది కాదు. అది 1796 నాటిది, విప్లవ సేనాని బెంజమిన్ లింకన్‌ది. జాక్సన్ కౌంటీ ఆండ్రూ జాక్సన్‌ది కాదు, జేమ్స్ జాక్సన్‌ది. లంచాలు మింగిన శాసనసభ 1795లో యాజూ భూములను కారుచౌకగా కంపెనీలకు అమ్మేస్తే, మరుసటేడు ఆ చట్టాన్ని రద్దుచేయించి కాగితాలను బహిరంగంగా తగలబెట్టించిన నాయకుడు ఈయనే. ఆ ఏడే ఆయన పేరిట కౌంటీ పుట్టింది. ఆ అమ్మకం మీద సంతకం పెట్టిన గవర్నరు జార్జ్ మాథ్యూస్‌కు నేటికీ జార్జియాలో కౌంటీ లేదు. పేరు పెట్టడం ఎంత తీర్పో, పెట్టకపోవడమూ అంత తీర్పే.

ఇచ్చిన పేరును లాక్కోవడమూ ఉంది. 1807లో వర్జీనియా నేత జాన్ రాండాల్ఫ్ పేరు మీద ఒక కౌంటీ పెట్టారు. బ్రిటన్‌తో 1812 యుద్ధాన్ని ఆయన వ్యతిరేకించేసరికి జార్జియావాళ్ళకు ఒళ్ళు మండి, ఆ ఏడాదే పేరు పీకేసి విప్లవ వీరుడు సార్జెంట్ జాస్పర్ పేరు పెట్టారు. కోపం చల్లారాక 1828లో మరోచోట ఇంకో రాండాల్ఫ్ కౌంటీ పుట్టించారు. నలభై ఏళ్ళ రాజకీయం చెప్పే పుస్తకం కన్నా ఈ రెండు కౌంటీలు చెప్పేదే ఎక్కువ అనిపిస్తుంది నాకు.

క్రీకుల నేల 1802 నుంచి 1827 దాకా ఒప్పందం వెనక ఒప్పందంగా కరిగిపోయింది. ఆ భూములను జార్జియా పంచిన తీరు అమెరికాలోనే విడ్డూరం. 1805 నుంచి 1833 వరకు ఎనిమిది లాటరీలు తీసింది. అర్హత ఉన్న తెల్ల పౌరుడు పేరు రాయించుకుంటే చాలు. పెద్ద పీపాలో చీటీలు తిరిగేవి, అదృష్టం ఉన్నవాడికి ఎకరాలకెకరాలు వచ్చేవి. వితంతువులకూ అనాథలకూ కూడా చీటీలుండేవి. కౌంటీ ముందు పుట్టేది, సర్వేయర్లు తరవాత దిగేవాళ్ళు, ఆపైన లాటరీ. అంటే కౌంటీ అన్నది మొదట పరిపాలన కోసం కాక, నేల పంచడానికి గీసిన గీత.

1825 నాటి ఇండియన్ స్ప్రింగ్స్ ఒప్పందం ఇందులో చీకటి అధ్యాయం. కోవీటా పట్టణానికి పెద్ద అయిన విలియం మెకింతోష్, తండ్రి స్కాట్, తల్లి క్రీకు, తెగ మహాసభ అనుమతి లేకుండా జార్జియాలో మిగిలిన క్రీకు నేలంతా రాసిచ్చేశాడు. నేలను అమ్మినవాడికి మరణమే అన్నది క్రీకుల కట్టడి. ఆ ఏప్రిల్ 30న సొంత తెగవాళ్ళే అతని ఇంటికి నిప్పుపెట్టి చంపేశారు. అప్పటి గవర్నరు జార్జ్ ట్రూప్ ఈ మెకింతోష్‌కు దగ్గరి బంధువు. వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దుచేసి మరోటి రాసినా ట్రూప్ లెక్కచేయక సర్వేయర్లను పంపాడు. ఆ భూముల్లో 1826లో ఏర్పడ్డ కౌంటీల్లో ఒకటి ట్రూప్, ఒకటి కోవీటా, ఇంకొకటి క్రీకుల సొంత పేరైన మస్కోగీ. నేల తీసుకున్నవాడూ, ఇచ్చి చచ్చినవాడి ఊరూ, పోగొట్టుకున్న జాతీ ఒకే విడతలో పటం మీద చేరిన వైనమది. కోవీటాను క్రీకుల గౌరవార్థం అని చెబుతారు. ఆ గౌరవం ఏ క్రీకుకన్నదే అసలు ప్రశ్న.

చెరోకీల దగ్గరికొచ్చేసరికి ఒప్పందాల నటన కూడా పోయింది. 1829 నాటికి డలోనిగా కొండల్లో బంగారం బయటపడ్డ వార్త గుప్పుమంది. 1831 డిసెంబరులో శాసనసభ చెరోకీ దేశం మొత్తాన్నీ ఒకే చెరోకీ కౌంటీగా ప్రకటించింది. 1832 మార్చిలో సుప్రీంకోర్టు, చెరోకీ నేలమీద జార్జియా చట్టాలు చెల్లవని తేల్చింది. ఆ కేసు గెలిచిన మిషనరీ శామ్యూల్ వూస్టర్ ఇంకా మిలెడ్జ్‌విల్ జైల్లోనే ఉండగా, 1832 డిసెంబరు 3న అదే ఊళ్ళోని శాసనసభ చెరోకీ కౌంటీని పదిగా చీల్చింది. కాస్, చెరోకీ, కాబ్, ఫ్లాయిడ్, ఫోర్సైత్, గిల్మర్, లంప్కిన్, మరే, పాల్డింగ్, యూనియన్. పొలాల లాటరీలో ముక్క 160 ఎకరాలు, బంగారు నేలల్లో 40. చెరోకీలు ఇంకా ఆ ఇళ్ళలోనే ఉన్నారు. వాళ్ళ ప్రధాన నాయకుడు జాన్ రాస్ 1835లో వాషింగ్టన్ నుంచి ఇంటికొస్తే, ఇంట్లో లాటరీ గెలిచినవాడు కాపురం పెట్టి ఉన్నాడు. న్యూ ఎకోటా ఒప్పందం కుదిరింది ఆ ఏడాది చివర, బలవంతంగా పడమటికి తరిమింది 1838లో. కౌంటీలు వాళ్ళ కన్నీటి బాటకు అయిదారేళ్ళ ముందే సిద్ధమైపోయాయి.

ఆ పది పేర్లను ఈ వెలుగులో మళ్ళీ చదవండి. విల్సన్ లంప్కిన్ ఆనాటి గవర్నరు. పదవిలో కూర్చుని ఉండగానే బంగారం దొరికిన కౌంటీకి ఆయన పేరు వచ్చింది. గిల్మర్ ఆయనకు ముందటి గవర్నరు. ఫ్లాయిడ్ క్రీకుల మీద దండెత్తిన సేనాని. లూయిస్ కాస్ అధ్యక్షుడు జాక్సన్ యుద్ధమంత్రి, తెగలను తరలించే పని ఆయన శాఖదే. జాన్ ఫోర్సైత్ జార్జియా గవర్నరుగా చేసి సెనేటుకెళ్ళాడు. 1830లో తెగల తొలగింపు చట్టాన్ని సభలో సమర్థించినవాళ్ళలో ముఖ్యుడు, ఆపైన విదేశాంగ మంత్రి. ఈ జట్టులో చెరోకీ అన్న ఒక్క పేరు మిగలడం దయతో కాదు. పాత పెద్ద కౌంటీని కోసేయగా మిగిలిన ముక్కకు పాత పేరే ఉండిపోయింది. చెరోకీల రాజధాని న్యూ ఎకోటా ఉన్న చోటు ఇప్పుడు గోర్డన్ కౌంటీలో ఉంది. 1850లో పుట్టిన ఆ కౌంటీ పేరు ఒక రైల్వే కంపెనీ అధ్యక్షుడిది.

ఫోర్సైత్ కథ అక్కడితో ఆగలేదు. 1912లో ఇద్దరు తెల్ల స్త్రీలపై దాడుల ఆరోపణల తరవాత, రాత్రిళ్ళు గుర్రాల మీద తిరిగిన తెల్ల మూకలు సుమారు 1,100 మంది నల్లజాతివాళ్ళను కౌంటీ నుంచే వెళ్ళగొట్టాయి. ఎనభయ్యో దశకం దాకా అది దాదాపు పూర్తిగా తెల్లవాళ్ళ కౌంటీ. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ నడిపిన చిన్న ఊరేగింపు మీద రాళ్ళు పడ్డాయి. వారం తిరిగేసరికి 20 వేల మంది వచ్చి నడిచారు. అదే నేలమీద ఇవాళ వేలాది భారతీయ కుటుంబాలు, వాటిలో తెలుగువాళ్ళు గణనీయంగా, ఇళ్ళు కొనుక్కున్నాయి. 2020లో జనాభా 2,51,283.

కాస్ పేరు మాత్రం నిలవలేదు. ఉత్తరాదివాడైన ఆయన 1860 డిసెంబరులో, విడిపోతామంటున్న దక్షిణాది పట్ల అధ్యక్షుడు మెతకగా ఉన్నాడని మంత్రిపదవికి రాజీనామా చేశాడు. దక్షిణాదికి ద్రోహి అన్న ముద్రతో 1861 డిసెంబరులో శాసనసభ ఆ పేరు కొట్టేసి, మనాసస్ యుద్ధంలో మరణించిన ఫ్రాన్సిస్ బార్టో పేరు పెట్టింది. చెరోకీలను తరమడంలో చేయి ఉన్నందుకు ఇచ్చిన పేరు, బానిసత్వపు పోరులో తమ వైపు నిలబడనందుకు పోయింది.

పేరు నచ్చక మార్చుకున్న సరదా సందర్భం కూడా ఒకటుంది. 1853లో ఒక వాగు పేరు మీద కించఫూనీ కౌంటీ ఏర్పడింది. పేరు విని అందరూ నవ్వుతున్నారని అక్కడివాళ్ళు మొత్తుకోవడంతో 1856లో వెబ్‌స్టర్ అయింది. నాకైతే కించఫూనీయే బాగుంది. డానియల్ వెబ్‌స్టర్ పేర్లు దేశం నిండా ఉన్నాయి, కించఫూనీ మరెక్కడా లేదు.

159లో స్త్రీ పేరున్నది ఒక్కటే, 1853 నాటి హార్ట్ కౌంటీ. విప్లవకాలంలో తన ఇంట్లో దూరి తిండి పెట్టమన్న రాజభక్త సైనికులను వాళ్ళ తుపాకులతోనే నిలబెట్టిందని నాన్సీ హార్ట్ గురించి చెబుతారు. కథలో కల్పన పాలు ఎంతైనా, పటంలో ఆవిడ చోటు గట్టిదే. నల్లజాతి మనిషి పేరు ఒక్కదానికీ లేదు. ఈ రాష్ట్రపు పత్తిని, వరిని పండించిన చేతులవి. 1870లో, అంతర్యుద్ధానంతర పునర్నిర్మాణ కాలంలో ఏర్పడ్డ డగ్లస్ కౌంటీ మొదట నల్లజాతి నేత ఫ్రెడరిక్ డగ్లస్ పేరేననీ, అధికారం మారాక చివరి అక్షరం ఒకటి తగ్గించి తెల్ల సెనేటరు స్టీఫెన్ డగ్లస్‌కు మళ్ళించారనీ అనేవాళ్ళున్నారు. అధికారిక వాదం మొదటినుంచీ స్టీఫెన్‌దే. ఫ్రెడరిక్ వాదం వినసొంపుగా ఉంది గనకే దాన్ని ఇంకొంచెం అనుమానంగా చూడాలి.

ఇక అసలు ప్రశ్న, ఇన్ని కౌంటీలెందుకు? ఏ జార్జియావాసిని అడిగినా ఒకే జవాబు: కంచరగాడిద బండి కట్టుకుని రైతు కోర్టుకెళ్ళి పొద్దుగుంకేలోగా ఇల్లు చేరాలి గనక. పంతొమ్మిదో శతాబ్దానికి ఈ వివరణ కొంతవరకు సరిపోతుంది. కానీ 1905లో ఒక్క ఏడాదే ఎనిమిది కొత్త కౌంటీలు పుట్టాయి. అప్పటికి రైళ్ళు రాష్ట్రమంతా అల్లుకున్నాయి, మోటారు కార్లు వచ్చేశాయి. అంతకు ముందటేడే 145తో ఆపాలని రాజ్యాంగంలో హద్దు పెట్టుకున్నారు. ఎనిమిదీ వచ్చి ఆ హద్దును నింపేశాయి. ఆపైన ప్రతి కొత్త కౌంటీకీ రాజ్యాంగాన్నే సవరిస్తూ పోయి, 1924లో పీచ్ కౌంటీతో 161కి చేర్చారు. గాడిద బండి కథ వీటికి పనికిరాదు.

పనికొచ్చేది ఓట్ల లెక్క. అప్పట్లో కౌంటీ ఎంత చిన్నదైనా శాసనసభలో కనీసం ఒక సీటు ఖాయంగా ఉండేది. 1917 నీల్ చట్టం డెమొక్రాటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలకు కౌంటీ యూనిట్ పద్ధతిని చట్టబద్ధం చేసింది. ఎనిమిది పెద్ద కౌంటీలకు తలా ఆరు యూనిట్లు, తరవాతి ముప్పైకి నాలుగేసి, మిగిలిన వాటన్నిటికీ రెండేసి. ఆ రోజుల్లో జార్జియాలో ఆ పార్టీ ప్రాథమిక ఎన్నిక గెలిస్తే పదవి గెలిచినట్టే. అట్లాంటా ఉన్న ఫుల్టన్‌కు ఆరు, మూడు మారుమూల కౌంటీలకు కలిపి ఆరు. 1960 లెక్కల ప్రకారం ఎకల్స్ కౌంటీలో ఒక మనిషి మాట, ఫుల్టన్‌లో 99 మంది మాటకు సమానం. 1963లో గ్రే వర్సెస్ శాండర్స్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని కొట్టేసింది. చిన్న కౌంటీ అంటే చిన్న రాజ్యం. దాన్ని వదులుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు?

ఆ చివరి విడత పేర్లూ ఆ కాలానికి తగ్గట్టే ఉన్నాయి. జెఫ్ డేవిస్, స్టీఫెన్స్, టూంబ్స్, బెన్ హిల్, వీలర్, ఎవాన్స్. అంతర్యుద్ధంలో ఓడిపోయి నలభై ఏళ్ళు దాటిన దక్షిణాది కాన్ఫెడరసీ అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, విదేశాంగ మంత్రి, సెనేటరు, సేనానులు వరసగా వచ్చి కూర్చున్నారు. నల్లవాళ్ళ ఓటుహక్కును జార్జియా చట్టం చేసి ఊడబెరికింది కూడా ఆ రోజుల్లోనే, 1908లో. వాళ్ళ మధ్య కవి సిడ్నీ లానియర్, శస్త్రచికిత్సలో ఈథర్ మత్తు తొలిసారి వాడిన వైద్యుడు క్రాఫర్డ్ లాంగ్ 1920లో చోటు సంపాదించుకున్నారు. రాష్ట్రపు మొట్టమొదటి గవర్నరు జాన్ ఆడమ్ ట్రూట్లెన్‌కు కౌంటీ దొరకడానికి 140 ఏళ్ళు పట్టింది.

161 నుంచి 159కి దిగింది ఆర్థికమాంద్యం వల్ల. దివాలా అంచుకు చేరిన మిల్టన్, క్యాంప్‌బెల్ కౌంటీలు 1932 జనవరి 1న ఫుల్టన్‌లో కలిసిపోయాయి. ఫుల్టన్ ఎవరన్నదీ తేలని తగాదానే. స్టీమర్ నడిపిన రాబర్ట్ ఫుల్టన్ అని ఎక్కువమంది, 1820లలో రాష్ట్రానికి ఇంజనీరుగా పనిచేసిన హామిల్టన్ ఫుల్టన్ అని కొందరు. ఓడ నడవని రైల్వే ఊరికి స్టీమరాయన పేరెందుకన్న రెండోవాళ్ళ ప్రశ్నలో పస ఉంది గాని, 1853లో రాబర్ట్‌కున్న కీర్తి ముందు అది తేలిపోతుంది. 1945 రాజ్యాంగం 159 దగ్గర గట్టిగా గీత గీసింది. పాత మిల్టన్ కౌంటీకి కేంద్రం అల్ఫరెటా, మన తెలుగువాళ్ళు దండిగా ఉండే ఊరే. పన్నులు తమవి, ఖర్చు అట్లాంటాది అంటూ ఆ కౌంటీని మళ్ళీ బతికించాలని ఉత్తర ఫుల్టన్‌వాళ్ళు శాసనసభ తలుపు తడుతూ వచ్చారు. గీత దాటాలంటే రాజ్యాంగ సవరణ కావాలి, అందుకు మూడింట రెండువంతుల మద్దతు కావాలి. అది కుదరక, 2006లో అక్కడ ఏర్పడ్డ కొత్త నగరానికి మాత్రం మిల్టన్ అనే పేరు పెట్టుకున్నారు.